చప్పుడు లేని గుండె

దొరకి పెళ్ళి కుదిరిన వారం ఆ ఇంట్లో ఎవరి కాలూ ఒకచోట నిలవలేదు. దొర అంటే మనిషి కాదు. నిగనిగలాడే నల్లటి ఒళ్ళూ, కనుబొమల మీదా కాళ్ళ మీదా తుప్పురంగు మచ్చలూ ఉన్న డాబర్‌మన్ కుక్క. పోటీల్లో వాడు బరిలోకి అడుగు పెట్టగానే పక్క కుక్కల యజమానులు మొహాలు వేలాడేసేవారు. అలాంటి దొరకి దూరపు ఊరి నుంచి సంబంధం వచ్చింది. అక్కడ కుక్కల పెంపకంలో పేరుమోసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. అందరూ మీసాలాయన అంటారు. ఆడకుక్కని కార్లో ఎక్కించుకుని ఆదివారం స్వయంగా వస్తానని ఫోన్ చేశాడు.

ఆ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ అత్తగారు గాల్లో తేలిపోతున్నారు. వీధిలో ఆవిణ్ణి కుక్కల మేడమ్ అంటారు. వెనక అనుకుంటారని ఆవిడకి తెలుసు, ఎదురుగానే అనమంటారు. "కోళ్ళ మేడమ్ అని అనట్లేదు కదా, నాకేం నామోషీ?" అని నవ్వేస్తారు. పెరట్లో వరసగా ఉన్న గదులు కడిగించారు, దొర పళ్ళు తోమారు, గోళ్ళు అరగదీశారు, మామగారి కొత్త దువ్వెన కనపడకపోతే అదేమైందో ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది.

"నా పెళ్ళికి కూడా మీ అత్తయ్య ఇంత హడావిడి పడలేదమ్మాయ్" అన్నారు మామగారు పేపరు మీంచి.

"ఆ పెళ్ళికొడుకు ఇంత బాగుంటే పడేదాన్నేమో" అన్నారు అత్తగారు.

కోడలు నవ్వుతూనే బట్టల బుట్టలో తువ్వాళ్ళు పరుస్తోంది. దొరకీ, పెరట్లో ఉన్న ఆడకుక్కకీ పుట్టిన కూనలకి ఆ రోజు ఆసుపత్రిలో మొదటి పరీక్ష. ఈ ఇంటికి వచ్చాక ఆమె పుట్టుక నుంచీ కళ్ళారా చూసిన మొదటి ఈత ఇదే. ఒక్కోటి జారి చేతిలో పడుతుంటే తువ్వాలుతో ఒళ్ళు రుద్ది మొదటి ఊపిరి పీల్పించింది ఆమే. పుట్టిన రోజే అత్తగారు ఒక్కోదాని మెడకి ఒక్కో రంగు రిబ్బను కట్టారు. పేర్లు పెట్టేది కొనుక్కునేవాళ్ళు కాబట్టి అప్పటిదాకా వాటిని రంగుతోనే పిలుస్తారు. ఎర్రది, పచ్చది, తెల్లది, నీలంది. కోడలికి అన్నీ ఇష్టమే గానీ నీలందంటే కొంచెం ఎక్కువ ఇష్టం. అది ఆమె చెప్పులో ముక్కు పెట్టుకుని గానీ నిద్రపోదు. ఆమె చెప్పు వేసుకుని వెళ్ళిపోతే, ఇంకో చెప్పు వెతుక్కోకుండా గుమ్మం దగ్గర కూర్చుని ఎదురుచూస్తుంది.

ఆ రిబ్బనుకి ఒక కట్టుబాటుంది. కాలు వంకర ఉన్నా, చెవి వినపడకపోయినా, గుండెలో మామూలు కొట్టుకోవడం కాక వేరే చప్పుడున్నా అత్తగారు ఆ కూన మెడలోంచి రిబ్బను విప్పేస్తారు. విప్పేస్తే అది ఇక ఈ ఇంటిది కాదు. కాలూ చెవీ అయితే ఎవరికో ఊరికే ఇచ్చేస్తారు. గుండె చప్పుడైతే మాత్రం నిద్ర ఇంజెక్షన్. "పెరిగి పెద్దయ్యాక పిల్లల కళ్ళముందు ఆయాసపడి పోవడం కంటే, ఏమీ తెలియని వయసులో నిద్రపోవడం నయం కదా" అంటారు. అది కర్కశంగా అనరు, ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినరు. అయినా చేయించి తీరతారు. నాలుగు తరాలుగా ఆ ఇంటి కుక్కల గుండెల్లో చిన్న చప్పుడు కూడా లేదన్నది ఊరూరా పాకిన మాట. మీసాలాయన అంత దూరం నుంచి రావడానికి ఆ మాటే కారణం.

*

పాత డాక్టరుగారు పని మానేశాక ఆసుపత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. కూనని బల్ల మీద నిలబెట్టి, స్టెతస్కోపు ఛాతీకి ఆనించి కళ్ళు మూసుకునేది. అన్ని కూనలూ ఒక్కొక్కటే వెళ్ళి వస్తున్నాయి. ఎర్రది బల్ల మీద ఉచ్చ పోసింది. పచ్చది డాక్టరమ్మ వేలు కొరికింది. అత్తగారు మధ్యమధ్యలో ఆదివారం పెళ్ళి సంగతి చెబుతూనే ఉన్నారు.

నీలందాని వంతు వచ్చేసరికి డాక్టరమ్మ కళ్ళు మూసుకుని, తెరవలేదు. స్టెతస్కోపుని కాస్త పైకి జరిపింది, కిందికి జరిపింది, కుడివైపు తిప్పి మళ్ళీ ఎడమవైపుకి వచ్చింది.

"కొంచెం చప్పుడు ఉందండీ" అంది డాక్టరమ్మ చివరికి. "చాలా మెత్తగా ఉంది. మీరు వింటారా?"

ఆ అడగడం కోడల్నే అడిగింది. ఆమె భయంభయంగానే గొట్టాలు చెవుల్లో పెట్టుకుంది. ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత గబగబా, గబగబా, ఎవరో పరిగెత్తుకొస్తున్నట్టు లబ్-డబ్, లబ్-డబ్. ఆ రెండింటి మధ్యా ఉస్సుమని సన్నటి ఊపిరి లాంటి చప్పుడు. తన చేతిలో మొదటి ఊపిరి తీసుకున్న ప్రాణం లోపల ఇంత హడావిడి ఉందా అని ఆమెకి ఒళ్ళు జలదరించింది. అది మంచిదో చెడ్డదో తెలియకపోయినా, వినడం మానబుద్ధి కాలేదు.

"రక్తం సాఫీగా పారినంతసేపూ అలా వినపడదు" అంది డాక్టరమ్మ. "ఎక్కడైనా సుడి తిరిగితే ఉస్సుమంటుంది. మొక్కలకి నీళ్ళు పట్టే పైపుని వేలితో నొక్కితే చప్పుడొస్తుంది చూడండి, అలాగ. లోపల కవాటమో గోడో సరిగ్గా లేకపోయినా వస్తుంది. ఏమీ లేకపోయినా ఈ వయసులో వస్తుంది. ఒళ్ళు గబగబా పెరుగుతుంటుంది, రక్తం పలచగా ఉంటుంది, గుండె ఉరుకుల పరుగుల మీద ఉంటుంది. నాలుగో నెల దాటేసరికి చాలా కూనలకి అదే పోతుంది. ఇది ఏ రకమో చెవితో తేల్చలేం. శుక్రవారం స్కాన్ చేద్దాం."

అత్తగారు అప్పటికే నీలం రిబ్బను ముడి విప్పుతున్నారు. రిబ్బనుని చుట్టచుట్టి చెత్తబుట్టలో వేశారు.

"స్కాన్లూ గీన్లూ వద్దు డాక్టరమ్మా. మీ పాత డాక్టరుగారికి మా పద్ధతి తెలుసు. ఇంజెక్షన్ చేసేయండి."

"నేను చెయ్యను" అంది డాక్టరమ్మ, అంతే తేలిగ్గా. "జబ్బుందో లేదో తెలియకుండా చెయ్యనండీ."

"మీరు కాకపోతే శనివారం ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తాను."

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "వీటి తండ్రికి గుండె స్కాన్ ఎప్పుడు చేయించారు?" అని అడిగింది.

అత్తగారు నవ్వారు. "దొరకా? దొర గుండె కిక్కురుమనదు. వాళ్ళ నాన్నదీ అంతే, తాతదీ అంతే."

"అందుకే అడుగుతున్నాను. ఒళ్ళో పెట్టుకుని పెంచే, చెవులు వేలాడే చిన్న కుక్కలున్నాయే, వాటికి కవాటం అరిగిపోతుంది. అది బాగా వినపడుతుంది. మీ జాతికి వచ్చేది వేరు. గుండె కండ సడలిపోతుంది, సంచిలా సాగిపోతుంది. మొదట్లో ఏళ్ళ తరబడి చప్పుడుండదు. కుక్క పరిగెడుతుంది, పోటీలు గెలుస్తుంది, పిల్లల్ని కంటుంది. ఒకరోజు..."

"మాకు చెప్పకండి" అన్నారు అత్తగారు. ముక్కు మీదకి వచ్చిన కోపం అక్కడే ఆగిపోయింది గానీ బుట్ట ఎత్తుకునే తీరులో తెలిసిపోయింది. "నేను కుక్కల్ని పెంచడం మొదలుపెట్టేటప్పటికి మీరు పలక పట్టి ఉండరు."

"పుట్టి కూడా ఉండనేమో" అంది డాక్టరమ్మ నవ్వుతూ. తలుపు తెరిచి పట్టుకుంది.

*

ఇంటికి వచ్చాక నీలందానికి ఏమీ తెలియలేదు. మెడలో రంగు లేకుండా మిగతా వాటి మధ్య దొర్లి, చెల్లెలి చెవి లాగి, తిట్లు తిని, చెప్పు వెతుక్కుంటూ వచ్చింది. కోడలు వంటింటి గట్టు మీద కూనల గంజి కలుపుతోంది గానీ చెయ్యి తిరగడం లేదు. శనివారానికి ఎంతో దూరం లేదు. ఏడ్చి అడిగితే అత్తగారు వినరు, ఆవిడ తనే ఏడుస్తూ చేసే పని అది. మొండికేస్తే ఇంకా వినరు. ఆవిడ వినే మాట ఒకటే ఉంది, అది దొర గురించిన మాట. ఆ ఆలోచన రాగానే కోడలు గరిటె పక్కన పెట్టేసింది.

"అత్తయ్యా, ఆ డాక్టరమ్మ మన దొరని అంత మాటంటుందా?" అంది పెరట్లోకి వెళ్ళి.

అత్తగారు దొర చెవులు తుడుస్తున్నారు. "వదిలెయ్యి. కొత్త కదా, చదివిందంతా చెప్పెయ్యాలని ఉంటుంది."

"మనం వదిలేస్తాం. ఆవిడ వదులుతుందా? వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తే? రేపు మీసాలాయన చెవిన పడితే?"

తుడిచే చెయ్యి ఆగింది.

"శుక్రవారం దొరనే తీసుకెళ్దాం అత్తయ్యా. ఆవిడ మిషన్ మీద ఆవిడ చేతే చూపిద్దాం. దొర గుండె బంగారం అని ఆవిడే రాసిస్తే, ఆదివారం పెళ్ళివారి ముందు ఆ కాగితం పెట్టొచ్చు. ఏ కుక్కకి ఉంది అలాంటి కాగితం?"

అత్తగారి కళ్ళు మెరిశాయి. "ఫ్రేం కట్టిద్దాం!"

"ఎలాగూ వెళ్తున్నాం కదా, నీలందాన్ని కూడా ఒకసారి..."

అత్తగారు ఆమె వైపు పరీక్షగా చూశారు. నడక చూసి కుక్క ఏ కాలు దాస్తోందో చెప్పెయ్యగల చూపు అది. కోడలు చూపు తిప్పుకోకుండా నిలబడింది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు సామాన్యురాలివి కాదమ్మాయ్" అన్నారు అత్తగారు. "సరే, పట్టుకురా. శనివారం మాత్రం నా మాట."

*

స్కాన్ గదిలో దీపాలు ఆర్పేశారు. బల్ల మధ్యలో గుండ్రటి ఖాళీ ఉంది. కుక్కని పక్కకి పడుకోబెడితే, ఆ ఖాళీలోంచి డాక్టరమ్మ చెయ్యి కిందినుంచి వెళ్ళి ఛాతీని తాకుతుంది. ముందు నీలందాన్ని పడుకోబెట్టారు. కోడలు దాని ముందుకాళ్ళు పట్టుకుని చెవిలో ఏదో ఒకటి చెబుతూనే ఉంది. చల్లటి జిగురు రాసేసరికి కుయ్యిమంది, తర్వాత ఆమె మణికట్టు నాకుతూ పడుకుంది.

తెర మీద బూడిదరంగు మబ్బులో ఏదో కొట్టుకుంది. "ఇదిగో, ఇదే" అంది డాక్టరమ్మ.

నిమ్మకాయంత కూడా ఉండని గుండె తెర నిండా పరుచుకుంది. గదులు నాలుగూ తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. కవాటాల రెక్కలు చప్పట్లు కొట్టినట్టు కలిసి విడిపోతున్నాయి. డాక్టరమ్మ ఒక మీట నొక్కగానే రక్తం రంగుల్లోకి మారిపోయింది. ఇటు వచ్చేది ఎరుపు, అటు పోయేది నీలం. కోడలికి ఆనందం ఆగలేదు.

"అయ్యో, ఎంత ముచ్చటగా ఉందో! అత్తయ్యా, చూడండి, చూడండి!"

డాక్టరమ్మ ఒక్కో కవాటం దగ్గరా ఆగింది, కొలిచింది, గోడల వెంబడి అంగుళం అంగుళం వెతికింది. కోడలు ఊపిరి బిగబట్టి తెరనీ ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూస్తోంది. చివరికి డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపి ఊపిరి వదిలింది.

"ఏమీ లేదు. గోడల్లో చిల్లు లేదు, కవాటాలు శుభ్రంగా మూసుకుంటున్నాయి. రక్తనాళాలు ఇరుకుగా లేవు. ఇది పెరుగుదల చప్పుడే. ఇంకో రెండు నెలల్లో మీరు వెతికినా దొరకదు."

కోడలు నీలందాన్ని జిగురుతో సహా ఎత్తుకుని గుండెలకి హత్తుకుంది. జాకెట్టంతా తడిసిపోయినా పట్టించుకోలేదు. చీకట్లో ఎవరికీ కనపడదని ధైర్యంగా ఏడ్చేసింది. అత్తగారు మాత్రం "దొరని పడుకోబెట్టండి" అన్నారు, అంతే.

దొర పెద్దమనిషిలా తనే బల్ల ఎక్కి పడుకున్నాడు. అత్తగారు వాడి తల దగ్గర నిలబడ్డారు. తెర మీద ఈసారి పెద్ద గుండె వచ్చింది, గుప్పెడు దాటి ఉంటుంది. కోడలు దాన్ని కూడా అంతే ముచ్చటగా చూడబోయింది. ఇందాకటి చప్పట్లు ఇందులో కనపడలేదు. పెద్దదానికి ఇలాగే ఉంటుందేమో అనుకుంది. డాక్టరమ్మ కొలతలు తీసుకుంటోంది. కొలిచినదే మళ్ళీ కొలుస్తోంది.

"ఆ వెనక గోడ ఏంటి అలా ఉంది?" అన్నారు అత్తగారు.

డాక్టరమ్మ తల తిప్పింది. "ఎలా ఉందండీ?"

అత్తగారు తెరకి దగ్గరగా వచ్చారు. పోటీ బరి పక్కన నిలబడి నడక చూసేటప్పుడు తల ఎలా వంచుతారో అలాగే వంచారు. కూన గుండెని ఆవిడ మాట్లాడకుండానే నిలువునా చూశారని కోడలికి అప్పుడు తెలిసింది.

"ఇందాక దానికి రెండు గోడలూ ఒకేసారి దగ్గరికొచ్చాయి. వీడిది ఒకటే వస్తోంది. రెండోది రావట్లేదు... ఈడుస్తోంది." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "కుంటుతోంది డాక్టరమ్మా. ఇదే నడకైతే నేను బరిలోంచి పంపించేసేదాన్ని."

డాక్టరమ్మ అవునని తల ఊపింది. గుండె కొంచెం సాగిందనీ, కండ బలం తగ్గిందనీ, కాళ్ళకి తగిలించిన తీగల వల్ల తెర కింద కదిలే గీతలో అక్కడక్కడ లయ తప్పిన దెబ్బ కనిపిస్తోందనీ చెప్పింది. రేపు ఒక రోజంతా గుండె కొట్టుకోవడాన్ని పట్టుకునే చిన్న పెట్టె ఒకటి కడతానంది. మొదట్లోనే దొరికింది కాబట్టి మాత్రలతో చాలా కాలం నెట్టుకురావచ్చంది. ఆ మాటల మధ్యలో అత్తగారు ఆమె మెడలోంచి స్టెతస్కోపు అడిగి తీసుకుని దొర ఛాతీకి పెట్టి విన్నారు. చాలాసేపు విన్నారు.

"ఏమీ లేదు" అన్నారు. "అద్దంలా ఉంది."

"ఈ జబ్బుకి చప్పుడు ఉండదండీ. వీడి తండ్రి ఎలా పోయాడు?"

"బంతి కోసం పరిగెడుతూ పడిపోయాడు. వడదెబ్బ." అత్తగారు దొర నుదుటి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు. "వడదెబ్బ అనుకున్నాం."

"ఎండాకాలమా?"

"కాదు" అన్నారు అత్తగారు. "నేను స్వెటర్ వేసుకుని ఉన్నాను."

*

శనివారం ఎవరూ ఇంకో ఆసుపత్రి మాట ఎత్తలేదు. దొర ఒంటికి చొక్కాలాంటిది తొడిగి, దాని జేబులో చిన్న పెట్టె పెట్టారు. వాడు దాన్ని కొత్త బహుమానం అనుకున్నాడో ఏమో, పెరడంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఆదివారం పొద్దున్నే పెట్టె విప్పి ఆసుపత్రికి పంపితే, కాసేపటికి డాక్టరమ్మ ఫోన్ చేసింది. పెట్టెలో లయ తప్పిన దెబ్బలు వందల్లో ఉన్నాయంది. మాత్రలు ఈ రోజే మొదలుపెట్టమంది, బంతి ఆటలు మాన్పించమంది, ఇక జత కట్టించవద్దంది. కూనలకీ ఇది వచ్చే అవకాశం ఉంది కాబట్టి, రెండో ఏడు నిండాక ఏటా స్కాన్ చేయించే ఇంటికే ఇవ్వమంది.

"ఈ సంగతి మనకీ డాక్టరమ్మకీ తప్ప ఎవరికి తెలుసు?" అన్నారు మామగారు. ఆయన చెడ్డమనిషి కాదు, గొడవలంటే భయం. "మీసాలాయన బయలుదేరిపోయాడు. చప్పుడు లేనిదానికి మనమెందుకు చప్పుడు చెయ్యడం? పెళ్ళి కానివ్వు. ఆ తర్వాత ఆపేద్దాం."

అత్తగారు కూనల పెట్టెలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. మెడలో రంగు లేని కూన ఆవిడ ఒళ్ళోకి ఎక్కి, అక్కణ్ణుంచి జారి, మళ్ళీ ఎక్కుతోంది.

"అమ్మాయ్," అన్నారు ఆవిడ, మామగారి వైపు చూడకుండా, "నేను పంపించేసినవాటిల్లో ఇలాంటివి ఎన్ని ఉండి ఉంటాయి?"

కోడలికి ఆ క్షణంలో ఆవిడ మీద ఎంత జాలి వేసిందో అంత కోపమూ వచ్చింది. కొన్ని ఉండే ఉంటాయని ఇద్దరికీ తెలుసు. లేవని చెప్పి ఊరడించబుద్ధి కాలేదు. "తెలీదత్తయ్యా" అంది. "ఇది మాత్రం ఉంది."

అత్తగారు కూనని రెండు చేతులతో ఎత్తి మొహానికి ఆనించుకున్నారు. అది ఆవిడ ముక్కు కొరికింది.

*

మీసాలాయన కారు మధ్యాహ్నం వచ్చింది. కారాగక ముందే దొరకి తెలిసిపోయింది. గది తలుపు మీద రెండు కాళ్ళూ వేసి వీధి మారుమోగేలా మొరిగాడు. పెళ్ళికూతురు తక్కువ తినలేదు, కిటికీలోంచి సగం బయటికి వచ్చేసింది. మీసాలాయన దిగి మీసం సవరించుకున్నాడు, నడుం పట్టుకుని విరుచుకున్నాడు, చుట్టూ చూసి పకపకా నవ్వాడు.

"చెల్లెమ్మా! వీళ్ళిద్దరి తొందర చూస్తుంటే మనకి కాఫీ తాగే వ్యవధి కూడా ఇచ్చేటట్టు లేరే!"

"కాఫీ తర్వాత అన్నయ్యగారూ. ముందు ఇలా రండి."

అత్తగారి చేతిలో స్టెతస్కోపు ఉంది. ఆవిడ సొంతది, చాలా ఏళ్ళుగా వాడుతున్నది. దొర పట్టీ పట్టుకుని నిలబెట్టి, గొట్టాలు మీసాలాయనకి అందించారు. కోడలి పై ప్రాణాలు పైనే పోయాయి. మామగారి మాటే నెగ్గిందని అనుకుంది. ఈ గుండె నిశ్శబ్దాన్ని ఇంకోసారి, ఆఖరిసారి, అమ్మేస్తున్నారనుకుంది.

మీసాలాయన వంగి విన్నాడు. మీసాల కింద పెదాలు విచ్చుకున్నాయి. "ఆహా! ఏముంది చెల్లెమ్మా, గడియారమే! ఎక్కడా చిన్న ఉస్సు కూడా లేదు."

"లేదు కదా?"

"లేదు!"

"నేనూ ఇన్నేళ్ళూ అదే విన్నాను" అన్నారు అత్తగారు. "వాడి గుండె పాడైంది అన్నయ్యగారూ. మొన్న మిషన్ మీద నా కళ్ళతో చూశాను. ఈ జబ్బు చప్పుడు చెయ్యదట. వాళ్ళ నాన్నకీ ఉండే ఉంటుంది. ఈ పెళ్ళి చెయ్యను."

పెరట్లో కుక్కలు మొరుగుతూనే ఉన్నాయి. మామగారు పేపరు మడతపెట్టి చంకలో పెట్టుకున్నారు. మీసాలాయన మొహం ముందు అర్థం కానట్టు, తర్వాత ఎర్రగా మారింది.

"ఇంత దూరం రప్పించి చెప్తారా ఈ మాట? ఫోన్‌లో చెప్పలేకపోయారా?"

"రిపోర్టు ఈ పొద్దున్నే వచ్చింది. అప్పటికి మీరు దారిలో ఉన్నారు. అయినా ఫోన్‌లో చెప్తే నమ్మేవారా? మా మీద ఎవరో కుళ్ళుకుని చెప్పారనుకునేవారు. మీ చెవులతో మీరు విన్నారు కాబట్టి ఇప్పుడు నమ్ముతారు."

"మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

"కాదు."

"మరి?"

అత్తగారు ఏదో చెప్పబోయి, దొర వైపు చూసి ఆగారు. కోడలు ఎవరూ పిలవకుండానే రెండు అడుగులు ముందుకి వేసి ఆవిడ పక్కన నిలబడింది. ఆ ఇంటికి వచ్చాక ఆవిడ పక్కన అలా నిలబడటం అదే మొదటిసారి, ఎప్పుడూ వెనకే ఉండేది.

"మీ దానికి కూనలు పుడితే, అవి పరిగెడుతూ పడిపోతే, మీరూ వడదెబ్బే అనుకుంటారు" అన్నారు అత్తగారు చివరికి. "నేను అనుకున్నట్టే."

మీసాలాయన చెవుల్లోంచి గొట్టాలు తీసేశాడు. కారు వైపు చూశాడు. పెళ్ళికూతురు కిటికీ అద్దాన్ని నాకుతోంది. ఆయన గొంతులోంచి కోపం దిగిపోయింది, దాని బదులు వచ్చిందేమిటో కోడలికి ముందు అర్థం కాలేదు.

"దీని అన్న ఒకడుండేవాడు" అన్నాడు మెల్లగా. "మెట్లెక్కుతూ పడి ప్రాణం వదిలాడు. జారిపడ్డాడనే అనుకున్నాం. ఆ మెట్లకి గరుకు పట్టీలు కూడా వేయించాను." మీసం చివర నోట్లో పెట్టుకుని కొరికాడు. "మీ డాక్టరమ్మ ఆదివారం చూస్తుందా?"

"చూస్తానంది!" అంది కోడలు, ఎవరూ అడక్కముందే. పొద్దున ఫోన్‌లో ఆ సంగతి అడిగి పెట్టుకుంది ఆమే. "నేను వస్తాను, దారి చూపిస్తాను."

"నువ్వొద్దు. మీ మామయ్య వెళ్తారు" అన్నారు అత్తగారు. "నువ్విక్కడ కావాలి."

మామగారు మారు మాట్లాడకుండా కారెక్కారు. పెళ్ళికూతురు ఆయన భుజం మీద రెండు కాళ్ళూ వేసి చెవి నాకింది. ఆయన కేకలు కారు మలుపు తిరిగేదాకా వినపడుతూనే ఉన్నాయి. దొర కారు వెంట పడబోతే అత్తగారు పట్టీ బిగించి, వెన్నలో మాత్ర చుట్టి నోట్లో పెట్టారు. వాడు పెళ్ళిని మర్చిపోయి ఇంకో మాత్ర కోసం చూశాడు.

తర్వాత ఆవిడ హాల్లో ఫోన్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. దొర పిల్లలు ఏ ఊళ్ళో ఏ ఇంట్లో ఉన్నారో ఆవిడకి కాగితం చూడక్కర్లేదు. ఏది ఏ రంగుదో, ఏది ఎవరి పిల్లని కరిచిందో, ఏది మంచం ఎక్కి పడుకుంటుందో అన్నీ నోటికి వచ్చు. కోడలు ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎప్పుడు లేచి వెళ్ళిపోతారో అని చూస్తోంది, ఆవిడ లేవలేదు. దొరకి పుట్టిన మొట్టమొదటి ఈతలో అన్నిటికంటే గట్టి కూన, తండ్రి పోలికే పుణికిపుచ్చుకున్నది, ఎవరింటికి వెళ్ళిందో ఆ ఇంటికి ముందు చేశారు.

అవతల పెద్ద గొంతు ఫోన్‌లోంచి కోడలికి కూడా వినపడింది. "మేడమ్! మీకు నూరేళ్ళు! ఇప్పుడే మీ మాటే అనుకుంటున్నాం. మావాడు మా అబ్బాయి సైకిలు వెంట పోటీపడి, చెరువు చుట్టూ తిరిగి ఇప్పుడే వచ్చాడు. మళ్ళీ వెళ్దామని గుమ్మం దగ్గర గంతులేస్తున్నాడు. వినండి, వినండి, మీరంటే వాడికి..."

వెనక కుక్క మొరిగింది. దొర గొంతే. పెరట్లో దొర చెవులు నిక్కించాడు.

అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచారు.

"ముందు వాణ్ణి కూర్చోబెట్టు బాబూ" అన్నారు. "తలుపు వేసి, పక్కన నువ్వూ కూర్చో. నేను చెప్పేది విను."